రాలిన ఆకు ఎక్కడికి పోవాలి?



వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు, పోటీ పరీక్షలకు ఎలా సిద్ధం కావాలో రాస్తానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. ఆ విషయం నాకన్నా బాగా తెలిసిన అన్నయ్యలు, అక్కలు మనలో ఉన్నారు. నేను వృక్షశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. మా నాన్న పామాయిల్ తోటల్లో గెలలు కోస్తాడు. మా అమ్మ కోకో కాయలు కొట్టే పనికి వెళుతుంది. అందుకని నాకు తెలిసినదీ, మీకు రోజూ కళ్ళ ముందు కనబడేదీ అయిన విషయం ఒకటి ఎంచుకున్నాను. అది హాస్టల్ వెనక గోడ పక్కన పోగుపడే ఆకుల గుట్ట.

మన జంగారెడ్డిగూడెం వైపు ఏ హాస్టల్ ఆవరణ చూసినా వేప, కానుగ, బాదం, ఒకటో రెండో టేకు చెట్లు ఉంటాయి. సంక్రాంతి దాటాక ఆకు రాలడం మొదలవుతుంది. తమాషా ఏమిటంటే మనకు పరీక్షలు దగ్గరపడే కాలమూ అదే. ఆదివారం పొద్దున్నే ఆవరణ ఊడ్చి, కొట్టేసిన కొమ్మలు, పీకిన గడ్డి, ఆకులు అన్నీ ఒకచోట పోసి అగ్గిపుల్ల గీయడం చాలా చోట్ల అలవాటు. ఆ పొగ నేరుగా పిల్లలు పడుకునే గదుల్లోకి వస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్ల ఆ రోజు పుస్తకం ముట్టుకోలేదు. బిస్కెట్ కాగితాలు, పాల ప్యాకెట్లు కూడా అందులో కలిస్తే ఆ పొగ మరీ విషం.

కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తోట చెత్తను విడిగా ఉంచాలని, బయట కాల్చకూడదని చెప్పాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్, ఆరుబయట చెత్త తగలబెట్టిన వారు 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెట్టిన వారు 25,000 రూపాయలు కట్టాలని ఆదేశించింది. అయితే జరిమానా భయంతో మానమని చెప్పడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. కాల్చినప్పుడు మన చేతిలోంచి ఏమి పోతుందో తెలుసుకుంటే చాలు.

ఎండుటాకు బరువులో దాదాపు సగం కర్బనం. మిగిలిన దానిలో కొద్దిగా నత్రజని, భాస్వరం, పొటాష్, సున్నం, ఇంకా సూక్ష్మ పోషకాలు ఉంటాయి. చెట్టు వీటిని నేలలోంచి, గాలిలోంచి ఒక్కొక్క అణువూ ఏరి తెచ్చుకుంది. మంట పెట్టగానే కర్బనం బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. నత్రజని, గంధకం చాలావరకు గాలిలో కలిసిపోతాయి. బూడిదలో పొటాష్, సున్నం మిగులుతాయి. తొలకరి వానకు ఆ పొటాష్ కూడా కరిగి కొట్టుకుపోతుంది. అంటే ఏడాదంతా చెట్టు చేసిన పనిని మనం పావుగంటలో ఖర్చు పెట్టేస్తున్నాము.

ఏ ఊళ్ళో అయినా ఇది నష్టమే. కాని మన ఊళ్ళో మరీ ఎక్కువ నష్టం, ఎందుకో చెబుతాను. ఏలూరు దిగువన కొల్లేరు వైపు నేలలు నల్లవి, బరువైనవి. నీటిని పట్టి ఉంచుతాయి. మన మెట్ట నేలలు ఎర్రవి, ఇసుక పాలు ఎక్కువ. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి వైపు పొగాకు పండించే ఈ భూములను ఆ రంగంలో ‘ఉత్తర తేలిక నేలలు’ అంటారు. వర్జీనియా పొగాకుకు ఆ తేలికదనమే కావాలి. కూరగాయలకు, పండ్ల చెట్లకు మాత్రం అదే లోటు. పోసిన నీళ్ళు కిందికి దిగిపోతాయి, వేసిన యూరియా కూడా వాటితోపాటే దిగిపోతుంది. మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువ వస్తే ‘తక్కువ’ అని, 0.75 దాటితే ‘ఎక్కువ’ అని రాస్తారు. ఇలాంటి తేలిక నేలలు సాధారణంగా ఆ మొదటి గడిలోనే ఉంటాయి. ఇసుక రేణువుల మధ్య నీటిని, పోషకాలను పట్టి ఉంచే జిగురు లాంటిది సేంద్రియ పదార్థం. ఈ నేలకు లేనిది అదే. మనం ప్రతి ఆదివారం కాలుస్తున్నదీ అదే.

పైనుంచి కొట్టుకుపోయింది ఎక్కడికి పోతుంది? తమ్మిలేరు లాంటి ఏరులు పొలాల మీద, ఊళ్ళ మీద పడిన నీళ్ళను కొల్లేరుకు చేరుస్తాయి. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరిన ఆ సరస్సులో గుర్రపుడెక్క అంత దట్టంగా పెరగడానికి ఒక కారణం, ఇలా చేరే నత్రజని, భాస్వరాలే. పైన నేలకు ఆకలి, కింద సరస్సుకు అజీర్తి. గుర్రపుడెక్కను కూడా ఎరువు చేయవచ్చు. కాని దాని బరువులో పదింట తొమ్మిది వంతులకు పైగా నీరే కనుక ముందు ఒడ్డున వాడబెట్టాలి. ఆ పని ఏలూరు వైపు మిత్రులకు వదిలి, మన గుట్ట దగ్గరకు వస్తాను.

ఆకును ఎరువు చేసేది మనం కాదు, సూక్ష్మజీవులు. వాటికి కర్బనం తిండి, నత్రజని ఒళ్ళు కట్టుకునే మాంసకృత్తులకు ముడిసరుకు. సుమారు 30 పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటే అవి హాయిగా పెరుగుతాయి. దీనినే కర్బన - నత్రజని నిష్పత్తి అంటారు. ఇంటర్ బైపీసీ వాళ్ళు నత్రజని వలయం బొమ్మ గీసే ఉంటారు. ఆ బొమ్మ మన గోడ పక్కనే ఉందని పాఠంలో ఎవరూ చెప్పరు. ఎండుటాకులో ఈ నిష్పత్తి 60, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వరిగడ్డిలో 80 దాకా ఉంటుంది. కూరగాయల తొక్కల్లో, పచ్చగడ్డిలో 20కి అటూ ఇటూ. పశువుల పేడలోనూ దాదాపు అంతే. అందుకే ఉత్త ఎండుటాకుల గుట్ట ఏడాదైనా అలాగే పడి ఉంటుంది. ఉత్త కూరగాయల తొక్కలు వేసిన గొయ్యి మూడో రోజుకే కంపు కొడుతుంది. ఈ రెండింటినీ కలపాలి.

ఎంత కలపాలి? ఒక లెక్క చేద్దాం. ఉజ్జాయింపు లెక్కే, కాని లెక్క తెలిస్తే ఎవరి ఆవరణకు తగ్గట్టు వాళ్ళు మార్చుకోవచ్చు. పది కిలోల ఎండుటాకులో కర్బనం నాలుగున్నర కిలోలు, నత్రజని 75 గ్రాములు అనుకుందాం. నిష్పత్తి 60. దీనికి ఇరవై కిలోల పచ్చి గిరిపుష్పం రొట్ట కలిపామనుకోండి. పచ్చి ఆకులో నీరే ఎక్కువ కనుక అందులో కర్బనం రెండు కిలోలకు కాస్త తక్కువ, నత్రజని మాత్రం సుమారు 130 గ్రాములు. రెండూ కలిపితే కర్బనం 6.4 కిలోలు, నత్రజని 205 గ్రాములు. భాగించండి, 31 వస్తుంది. అదే గిరిపుష్పం బదులు పేడ ఒక్కటే కలపాలంటే యాభై కిలోలకు పైగా కావాలి. హాస్టల్‌కు అంత పేడ ఎక్కడినుంచి వస్తుంది? అందుకే పేడను తోడులాగా, పాలు తోడుపెట్టినట్టు, కొద్దిగా వాడి, నత్రజని పచ్చిరొట్ట నుంచి తీసుకోవడం మంచిది. గిరిపుష్పం కొమ్మ ముక్కలు వానాకాలంలో కంచె పొడవునా పాతితే బతుకుతాయి. విత్తనం అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. తూకం రాయి లేకపోయినా ఫరవాలేదు. ఎండుటాకు తేలిక కనుక కొలతలో రెండు మూడు బుట్టల ఎండుకు ఒక బుట్ట అణిచిన పచ్చి అని గుర్తుపెట్టుకోండి.

ఈ శాస్త్రం ఎక్కడో పుట్టి మన దగ్గరకు వచ్చింది కాదు. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త 1920లలో ఇండోర్‌లో పనిచేస్తూ, ఇక్కడి రైతుల అలవాట్లను, చైనా రైతుల పద్ధతులను చూసి, పొరలు పొరలుగా పేర్చి తిరగేసే ‘ఇండోర్ పద్ధతి’ని రూపొందించాడు. 1931లో దాని మీద పుస్తకం వచ్చింది. ఆ పుస్తకం మీద యశ్వంత్ వాడ్ అనే భారతీయుడి పేరు కూడా ఉంది. హోవర్డ్ పేరు ప్రపంచమంతా తలుస్తుంది, వాడ్ పేరు చెప్పేవాళ్ళు తక్కువ. చేతులతో చేసినవాడి పేరు వెనక్కి పోవడం మనకు కొత్త కాదు కనుక ఈ సంచికలో ఒకసారి రాసి పెడుతున్నాను. తరువాత 1939లో సి.ఎన్. ఆచార్య బెంగుళూరులో ఇంకో పద్ధతి చెప్పాడు. అందులో గొయ్యి నింపి, మట్టితో మూసేస్తారు. తిరగేయడం ఉండదు, నీళ్ళు చల్లడం ఉండదు. దాని అవసరం మనకు ఎందుకో చివర చెబుతాను. మహారాష్ట్ర రైతు నారాయణ్ దేవ్‌తావ్ పాండరీపాండే పేరు మీద వచ్చిన నాడెప్ తొట్టి మూడోది. ఇటుకల మధ్య సందులు వదిలి, సుమారు పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తుతో కడతారు. బాగుంటుంది కాని ఇటుకలు, మేస్త్రీ కావాలి. మనకు కుప్ప చాలు.

చోటు మొదట చూసుకోండి. చెట్టు నీడ ఉండాలి, వాన నీరు నిలవకూడదు, బావికి బోరుకు దూరంగా ఉండాలి. మన వైపు వానాకాలంలో గొయ్యి తీస్తే చెరువు అవుతుంది, అందుకే నేల మీద కుప్పే మేలు. కుప్ప పొడవు ఎంతైనా ఉండనివ్వండి, వెడల్పు, ఎత్తు మూడు అడుగులకు తగ్గకూడదు. చిన్న కుప్పలో వేడి నిలవదు. అడుగున కంది కట్టె, మునగ కొమ్మలు లాంటివి పరిస్తే గాలి ఆడుతుంది. దాని మీద జానెడు ఎండుటాకు, బెత్తెడు పచ్చిరొట్ట లేదా వంటగది తొక్కలు, పైన పలచగా పేడనీళ్ళు, గుప్పెడు గుప్పెడుగా పాత మట్టి. మళ్ళీ ఎండుటాకు. ఇలా నడుము ఎత్తు వచ్చేదాకా. బాదం, టేకు ఆకులు వెడల్పు కనుక అట్టల్లాగా ఒకదానికొకటి అంటుకుంటాయి. వాటిని కాళ్ళతో తొక్కి నలిపి వేయండి. జామాయిల్ ఆకులో నూనె ఉంటుంది, అది త్వరగా కుళ్ళదు, తక్కువ వేయండి. గుప్పెడు తీసి పిండితే చెయ్యి తడవాలి, నీరు కారకూడదు. అదే సరైన తడి.

మూడు నాలుగు రోజులకు ఇనుప చువ్వ ఒకటి కుప్ప నడుమ గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే పని మొదలైనట్టే. లోపల 55 నుంచి 65 డిగ్రీల దాకా వేడి వస్తుంది. గడ్డి విత్తనాలు, రోగక్రిములు చాలావరకు అక్కడే చస్తాయి. ఈ చువ్వ పరీక్ష ఆరో తరగతి పిల్లలకు చూపించండి. నిప్పు లేకుండా వేడి పుట్టడం చూస్తే వాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. పది పదిహేను రోజులకొకసారి బయటిది లోపలికి, లోపలిది బయటికి వచ్చేలా తిరగేయాలి. కంపు వస్తే గాలి తగ్గినట్టు, ఎండుటాకు కలిపి తిరగేయండి. వేడి రాకపోతే నత్రజనో, తడో తగ్గినట్టు. జూన్‌లో హాస్టల్ తెరిచాక వేసిన కుప్ప దసరా సెలవుల నాటికి ఎరువు అవుతుంది. వానపాములు కావాలంటే ఈ వేడి తగ్గాకే వదలండి. మన మే నెల ఎండకు నీడ, తడి లేకపోతే అవి బతకవు.

కొన్ని జాగ్రత్తలు. వయ్యారిభామను పూత రాకముందే పీకి కుప్పలో వేయవచ్చు, పూత వచ్చాక వేస్తే పొలమంతా మనమే చల్లినట్టు. పీకేటప్పుడు చేతులకు సంచులు కట్టుకోండి, దురద, దద్దుర్లు వస్తాయి. పాత గుట్టలో తేళ్ళు, పాములు ఉంటాయి, పారతో ముందు కదిపి చూడనిదే చెయ్యి పెట్టవద్దు. కొబ్బరి, పామాయిల్ తోటలు దగ్గరలో ఉంటే ఇంకొక శత్రువు ఉంది, కొమ్ము పురుగు. అది పేడ కుప్పల్లో, కుళ్ళిన మానుల్లో గుడ్లు పెడుతుంది. తిరగేసినప్పుడు బొద్దుగా, తెల్లగా, వంకర తిరిగి కనబడే పురుగులను ఏరి కోళ్ళకు వేయండి. మెటారైజియం అనే శిలీంధ్రం కలిపితే ఆ పురుగులకు తెగులు పట్టి చస్తాయి. ఆడపిల్లల హాస్టల్‌లో వాడిన ప్యాడ్లు ఈ కుప్పలోకి రాకూడదు. వాటిలో ప్లాస్టిక్ ఉంటుంది, వాటి దారి వేరు. సిగ్గుపడి కాగితంలో చుట్టి ఆకుల్లో దాచేస్తే చివరికి వాటిని చేత్తో ఏరేది మన కామాటీ అమ్మే.

ఇక మన అమ్మానాన్నలు పనిచేసే తోటల సంగతి. పామాయిల్ చెట్లు ఎకరానికి 57 వేస్తారు. గెల కోయాలంటే కింది మట్ట కొట్టాలి. ఏడాదికి ఒక్కో చెట్టు నుంచి ఇరవైకి అటూ ఇటూ మట్టలు దిగుతాయి. ఎకరం మీద లెక్క వేసుకోండి, వెయ్యి దాటుతాయి. ఆ మట్ట మొదట్లో ముళ్ళు ఉంటాయి, మోసేవాళ్ళ అరచేతులు చూస్తే తెలుస్తుంది. 1995లో పెదవేగిలో మొదలైన జాతీయ ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రం, ఇప్పటి భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ, ఆ మట్టలను తోటలోనే పరచమని, ముక్కలు చేసి వానపాముల ఎరువుగా మార్చుకోవచ్చని చెబుతూ వస్తోంది. వరుసల మధ్య పరిచిన మట్టలు నేలను ఎండనివ్వవు, కుళ్ళి పొటాష్‌ను తిరిగి చెట్టుకే ఇస్తాయి. కోకో తొక్కలోనూ పొటాష్ ఎక్కువే. కాని కాయ కుళ్ళు తెగులు ఉన్న తొక్కలను చెట్ల కింద అలాగే వదిలితే వాన చినుకులతో ఆ తెగులు మళ్ళీ కాయల మీదకు ఎక్కుతుంది. వాటిని కుప్ప వేసి వేడెక్కించాలి. ఈ మాట మా అమ్మకు చెబితే, “నల్లగా అయిన తొక్కలు చెట్టు మొదట్లో వెయ్యకూడదని మాకు ఎప్పుడో తెలుసు, ఎందుకో నువ్వు చెప్పావు” అంది. నా చదువుకు నాకు దొరికిన మంచి మార్కుల్లో అది ఒకటి.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. చెత్త అనగానే మనలో చాలామందికి మనసు ముడుచుకుంటుంది. ‘మీరు ఎంత చదివినా ఆ పనికే’ అని ఎవరో అంటారని భయం. ఆలస్యంగా వచ్చిన పిల్లకు ఆవరణ ఊడ్చే శిక్ష వేయడం నేను చదివిన ఒకచోట చూశాను. శిక్షగా వేసిన పని మీద ఎవరికీ గౌరవం పెరగదు. పైగా ఆ పని రోజూ చేసే కామాటీ అమ్మను కూడా అది అవమానించడమే. కాబట్టి ఈ కుప్ప పనిని శిక్షల జాబితాలోంచి తీసేయాలని వార్డెన్ గార్లకు నా మనవి. అబ్బాయిలు, అమ్మాయిలు, పెద్ద తరగతులు, చిన్న తరగతులు అందరికీ వంతులు ఉండాలి. ఒక నోటు పుస్తకం పెట్టి, ఏ రోజు ఏమి వేశారు, చువ్వ ఎంత వేడెక్కింది, ఎప్పుడు తిరగేశారు అని రాస్తే అది ప్రయోగశాల రికార్డు అవుతుంది. చీపురు పట్టినవాళ్ళ చేతిలోనే పెన్ను కూడా ఉండాలి.

తెలంగాణలో సూర్యాపేట పురపాలక సంఘం 2000ల మొదట్లోనే ఇంటింటా తడి, పొడి చెత్తను వేరుగా తీసుకుని, తడి చెత్తను ఎరువుగా మార్చి దేశానికి చూపించింది. ఊరంతటికీ సాధ్యమైనది ఒక ఆవరణకు కష్టం కాదు.

ఎరువు తయారైందో లేదో తెలుసుకోవడానికి పెసలు చాలు. ఒక పాత డబ్బాలో ఉత్త మట్టి, ఇంకో డబ్బాలో సగం మట్టి, సగం మన ఎరువు పోసి పదేసి గింజలు నాటండి. ఎరువు డబ్బాలో మొలకలు తక్కువ వచ్చినా, పసుపుపచ్చగా వచ్చినా అది ఇంకా మాగలేదు, మరో రెండు వారాలు ఉంచండి. మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా, తొలివాన పడిన మట్టి వాసనతో ఉంటుంది. కరివేపాకు, మునగ, బొప్పాయి పాదుల్లో తలా ఒక బుట్ట వేయండి, తోటకూర మడిలో పలచగా చల్లండి. సాంబారులో మునగాకు పడితే రక్తహీనత ఉన్న పిల్లలకు మందుబిళ్ళతో పాటు అదీ తోడు.

చివరగా వేసవి సంగతి. ఆకు ఎక్కువ రాలేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఏప్రిల్ చివర మనం ఇళ్ళకు పోతాము. కుప్పకు నీళ్ళు పోసేవాళ్ళు ఉండరు, ఎండకు అది ఎండిపోతుంది, ఎవరో ఒకరు నిప్పు పెడతారు. అందుకే ఆ కాలానికి ఆచార్య చెప్పిన బెంగుళూరు పద్ధతి మనది. మూడు అడుగుల లోతు గొయ్యి తీసి, ఆకులు, తొక్కలు, పేడనీళ్ళు పొరలుగా నింపి, బాగా తడిపి, పైన నేలకన్నా ఎత్తుగా గుమ్మటంలా చేసి, మట్టి, పేడ కలిపి నాలుగు వేళ్ళ మందాన మెత్తండి. పగుళ్ళు కనబడితే మర్నాడు మళ్ళీ పూయండి. జూన్‌కు అది పూర్తిగా మాగదు, ఆ పద్ధతి నిదానమైనది. హాస్టల్ తెరిచిన వారంలో తవ్వి తీసి, కొత్త పచ్చిరొట్టతో కలిపి నేల మీద కుప్పగా వేస్తే మిగిలిన పని వానాకాలం చేస్తుంది. మిగిలిపోయిన ఎండుటాకులను చిరిగిన ఎరువుల సంచుల్లో కుక్కి నీడన పెట్టండి. బియ్యం గోతాలకు లెక్క ఉంటుంది, వాటిని ముట్టుకోవద్దు. వానాకాలంలో వంటగది తొక్కల మీద వేయడానికి ఆ ఆకు కావలసి వస్తుంది. గొయ్యి మూసిన రోజు, తేదీ రాసిన పలక ఒకటి పైన గుచ్చి, అది ఏమిటో వాచ్‌మన్ గారికి చెప్పి వెళ్ళండి.